మూడో బొమ్మకీ నాలుగో బొమ్మకీ మధ్య

పిల్లల టెంట్ కొనకండి. కొన్నా విప్పకండి. విప్పక తప్పకపోతే ఇంట్లోనే, తలుపులు వేసుకుని, చుట్టాలెవరూ లేనప్పుడు విప్పండి. నా మోచేయి ఇంకా సలుపుతోంది కాబట్టి మాట కాస్త కటువుగా వస్తోంది, ఏమనుకోకండి.

గొడవంతా ఆటల లెక్క దగ్గర మొదలైంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1 నుంచి 4 ఏళ్ల వాళ్ళయితే రోజు మొత్తం మీద 180 నిమిషాలు కదులుతూ ఉండాలట. మా పెద్దాడికి ఐదేళ్లు, చిన్నదానికి రెండు. చిన్నది తన మూడు గంటలూ మేం నిద్ర లేచేలోపే పూర్తి చేసేసి, మిగతా రోజంతా ఓవర్‌టైమ్ చేస్తుంది. పెద్దాడు మాత్రం సోఫా మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి జరగడాన్ని కూడా వ్యాయామంలో కలపమంటాడు. వీడిని బయటికి లాగే వస్తువేదైనా కొనాలి అన్నాను. "నీ ఇష్టం" అన్నారు మా ఆయన. ఆ రెండు మాటల్లో ఎంత దూరదృష్టి ఉందో అప్పుడు తెలియలేదు.

ట్రాంపొలిన్ అనుకున్నాను మొదట. ఇళ్లల్లో అది వద్దే వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. దెబ్బల్లో ఎక్కువ భాగం ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఎక్కి ఎగిరినప్పుడే తగులుతాయట, అందులోనూ బక్కప్రాణికే ఎక్కువ. మా ఇంట్లో ఒకళ్ళు ఎక్కిన చోటికి రెండోవాళ్ళు ఎక్కకుండా ఆగిన చరిత్ర లేదు. కొట్టేశాను. చిన్న జారుడుబల్ల చూశాను. చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారితే భద్రం అంది షాపులో అమ్మాయి. భద్రం కాదు. పాప బూటు పక్క అంచుకి తట్టుకుంటే కాలు అక్కడే ఆగుతుంది, వెనకాల మన బరువు మాత్రం ఆగదు, మోకాలి కింద ఎముక విరుగుతుంది. పిల్లలు ఒంటరిగా జారితే వాళ్ళ బరువే కాబట్టి చాలావరకు అక్కడితో సరిపోతుంది. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి నా వైపు ఎలా చూసిందంటే, తర్వాతి పావుగంట మా దగ్గరికి ఎవరూ రాలేదు. మోగే బొమ్మల వైపు మేమే వెళ్ళలేదు. వాటిని కొనేవాళ్ళు ఒక ఇంట్లోనూ, వాటి మోత వినేవాళ్ళు ఇంకో ఇంట్లోనూ ఉంటారని నాకు అనుభవం.

అనుభవం అంటే మా ఆడపడుచు. ఆవిడ తెచ్చే ప్రతి బొమ్మ పెట్టె మీదా ఎర్ర గుండ్రంలో పసిపిల్ల ముఖం, పక్కన 0-3 అని అంకెలు, వాటి మీదుగా అడ్డగీత ఉంటాయి. "మన పాప చాలా తెలివైంది వదినా, మూడేళ్ల పైవాళ్ళవి కూడా ఆడేస్తుంది" అంటుంది. ఆ గుర్తు తెలివికి సంబంధించింది కాదు తల్లీ, గొంతుకి సంబంధించింది. చిన్న పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక గొట్టం ఉంటుంది, సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పు. బొమ్మగానీ, దాంట్లోంచి ఊడిన ముక్కగానీ ఆ గొట్టంలో పూర్తిగా పట్టేస్తే, మూడేళ్ల లోపు పిల్లలకి అది పనికిరాదు. రెండేళ్ల పాప ఎంత తెలివైనదైనా గొంతు రెండేళ్లదే. ఇది నేను ఆవిడకి చాలాసార్లు చెప్పాను. ఆవిడ ప్రతిసారీ శ్రద్ధగా వింది. పోయిన పుట్టినరోజుకి పూసల సెట్ తెచ్చింది.

సరే, టెంట్ దగ్గరికి వద్దాం. బ్యాటరీ లేదు, మోత లేదు, మింగే ముక్కలు లేవు. గుండ్రటి పల్చటి సంచిలో పడుకుని ఉంది. 'ఒక్క క్షణంలో సిద్ధం' అని సంచి మీద రాసి ఉంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పార్కులో జిప్ సగం తీశానో లేదో టెంట్ నిలబడింది, నా కళ్ళజోడు పడింది. ఇంత నిజాయితీగా మాట నిలబెట్టుకున్న కంపెనీ, మళ్ళీ లోపల పెట్టడానికి ఎంతసేపు పడుతుందో ఎక్కడా రాయలేదు. అది నేను కొనేటప్పుడే గమనించాల్సింది.

పిల్లలు ఆడుకున్నారు. టెంట్‌తో కాసేపు. తర్వాత పెద్దాడికి ఒక కర్ర దొరికింది, చిన్నదానికి ఆ టెంట్ వచ్చిన సంచి దొరికింది. ఇక టెంట్ మొహం ఎవరూ చూడలేదు. దీనికి పిల్లల్ని అనకూడదు. అమెరికాలోని రోచెస్టర్‌లో ఆటవస్తువులకి ఒక జాతీయ గౌరవ మందిరం ఉంది, గొప్ప బొమ్మల్ని ఏటా ఎంచి అందులో చేరుస్తారు. 2005లో అట్టపెట్టెని చేర్చారు. 2008లో కర్రని చేర్చారు. బొమ్మ కాదు, బ్రాండ్ కాదు, మామూలు కర్ర. 2021లో ఇసుక. అంటే మా వాడు ఆ సాయంత్రం ఎంచుకున్నది గౌరవ మందిరం స్థాయి ఆటవస్తువు, నేను డబ్బు పోసి కొన్నది బెంచీకి అడ్డం.

చీకటి పడబోతోంది. మడుద్దామని కాగితం తీశాను.

ఆ కాగితం గురించి కాస్త వివరంగా చెప్పాలి. దాని మీద అక్షరం ముక్క లేదు, నాలుగు బొమ్మలే. ప్రపంచంలో ఏ భాష వాళ్ళకైనా అర్థం కావాలని అలా వేస్తారట; ఏ భాష వాళ్ళకీ అర్థం కాకుండా సమన్యాయం పాటించారు. మొదటి బొమ్మలో ఒకావిడ టెంట్ పక్కన నిలబడి నవ్వుతోంది. రెండో బొమ్మలో టెంట్ నాలుగు గోడల్నీ పుస్తకం మూసినట్టు ఒకదాని మీదికి ఒకటి చేర్చింది. మూడో బొమ్మలో ఆ కట్టని నిలువుగా పట్టుకుని పై అంచుని తన వైపుకి వంచింది, ఒక బాణం గుర్తు ఎటో పోతోంది. నాలుగో బొమ్మలో టెంట్ చక్కగా సంచిలో ఉంది, ఆవిడ మళ్ళీ నవ్వుతోంది, జుట్టు ఒక్క వెంట్రుక కదల్లేదు. మూడుకీ నాలుగుకీ మధ్య ఏం జరిగిందన్నది ఆవిడకీ, ఆ బొమ్మలు గీసినవాడికీ, పైవాడికీ తెలియాలి.

విషయం ఏమిటంటే, టెంట్ గోడల అంచుల్లో గుడ్డ లోపల స్ప్రింగు ఉక్కు రింగు ఉంటుంది. దాన్ని సగానికి మడుద్దామంటే మడవనివ్వదు. రెండు చుట్లుగా చుడదామన్నా కుదరదు. దానికి మూడు చుట్లే ఇష్టం. రెండు చేతులతో చెరో వైపు పట్టుకుని మెలితిప్పుతూ దగ్గరికి తెస్తే, ఉన్నట్టుండి తనంతట తనే మూడు చుట్లుగా ఒకదాని మీద ఒకటి పడి, మూడో వంతు వెడల్పుకి వచ్చేస్తుంది. రంపపు పట్టీలు కూడా ఇలాగే చుడతారు, ఫొటోగ్రాఫర్లు వెలుతురు కోసం పట్టుకునే గుండ్రటి తెల్లగుడ్డ కూడా ఇంతే. ఇదంతా ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. పార్కులో మాత్రం నా చేతుల్లో అది స్నానానికి ఎత్తుకున్న పిల్లిలా గింజుకుంది.

మా ఆయనకి ఫోన్ చేశాను. "వీడియో చూడు, బోలెడు ఉంటాయి" అని పెట్టేశారు. చూశాను. ఒకాయన చిరునవ్వుతో, "చాలా సులువు" అంటూ, రెండో బొమ్మ చేశాడు, మూడో బొమ్మ చేశాడు, సరిగ్గా అక్కడ కెమెరాకి వీపు పెట్టి తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి నాలుగో బొమ్మ. వెనక్కి జరిపి చూద్దామంటే ఒక చెయ్యి కావాలి. ఆ చెయ్యి వదిలితే టెంట్ లేస్తుంది. గడ్డంతో స్క్రీన్ మీద జరపబోతే, వేరే ఏదో వీడియో వచ్చి ఒకావిడ తలస్నానం గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఈలోపు జనం చేరారు. బెంచీ మీద పెద్దాయన ఒకరు మొదటి నుంచీ చూస్తున్నారు, ఆయనకి లేచే ఉద్దేశం లేదు, చెప్పే ఉద్దేశం మాత్రం ఉంది. "ఎడమకి తిప్పమ్మా." తిప్పాను. లేచింది. "నీ ఎడమ కాదమ్మా, నా ఎడమ." పిల్లని బండిలో తోసుకుంటూ పోతున్న ఒకమ్మాయి ఆగి, "అక్కా, మా ఇంట్లోనూ ఇదే ఉంది" అంది. ప్రాణం లేచొచ్చింది. "ఎలా మడుస్తావమ్మా?" "మడవం అక్కా. దాంట్లో బట్టలు ఆరేస్తున్నాం." అటు మా చిన్నది, టెంట్ ఫట్టుమని లేచినప్పుడల్లా చప్పట్లు కొట్టి "మళ్ళీ!" అంటోంది. దాని దృష్టిలో ఆట ఇప్పుడే మొదలైంది. చుట్టుపక్కల పిల్లలు ఉయ్యాలలు వదిలేసి వరసగా కూర్చున్నారు. ఒళ్ళు అలిసే 60 నిమిషాలు మా ఇంట్లో ఎవరికో ఒకరికి పూర్తవుతున్నందుకు సంతోషించాలి.

అప్పుడు పడ్డాయి మూడు చుట్లు. ఎలా పడ్డాయో నాకు తెలియదు. మోకాలితో నేలకి అదిమి, రెండు అంచులూ లోపలికి తోశాను, టెంట్ ఒక్కసారిగా మెత్తబడి పళ్ళెమంత అయింది. జనం "హమ్మయ్య" అన్నారు. పెద్దాయన "చెప్పానా" అన్నారు. అంతా బాగుంది, నా ఎడమ కాలు మూడు చుట్ల మధ్యలో ఉండిపోయిందన్న ఒక్క సంగతి తప్ప.

కాలు తియ్యాలంటే చుట్లు వదలాలి. చుట్లు వదిలితే టెంట్ లేస్తుంది. వదలకుండా సంచిలో పెడదామంటే కాలు కూడా సంచిలోకి వెళ్ళాలి. కొంతసేపు నిజంగానే ఆ కోణంలో కూడా ఆలోచించాను. పైగా సంచి నా దగ్గర లేదు. చిన్నది తలకి తొడుక్కుని మర్రిచెట్టు చుట్టూ తిరుగుతోంది. "నాన్నా, చెల్లి దగ్గర సంచి తీసుకురా" అన్నాను పెద్దాడితో, కదలకుండా, పెదవులతో మాత్రమే. వాడు కర్ర ఊపుతూ తీరిగ్గా వచ్చి, నన్ను ఒకసారి చుట్టూ తిరిగి చూసి, "తెస్తే రేపు కార్టూన్ ఇంకొంచెంసేపు పెడతావా?" అన్నాడు. పెడతానన్నాను. "ఎంతసేపు?" అన్నాడు. ఒంటి కాలి మీద, చేతుల్లో ఉక్కు స్ప్రింగు పట్టుకుని, పాతిక మంది ముందు, స్క్రీన్ టైమ్ మీద బేరం ఆడిన తల్లి ఇంకెవరైనా ఉంటే చెప్పండి, పరిచయం చేసుకుంటాను. అరగంట దగ్గర బేరం తెగింది. వాడు వెళ్ళి సంచి లాగాడు. అది ఇవ్వనని ఏడ్చింది. ఏడుపు వినగానే అలవాటుగా నా చేతులు రెండూ అటు వెళ్ళాయి.

టెంట్ లేచింది. ఈసారి నేను లోపల ఉన్నాను. కిటికీలోంచి బెంచీ పెద్దాయన కనిపించారు, ఆయన టోపీ కనిపించలేదు.

పార్కు గేటు సైకిళ్ళు రాకుండా మెలికలు తిప్పి కట్టారు. సైకిళ్ళు రాకుండా కట్టిన దాంట్లోంచి టెంట్ ఎలా వెళుతుందో ఆ కట్టినవాళ్ళే చెప్పాలి. వాచ్‌మన్ "లోపలికి ఎలా తెచ్చారో అలాగే తీసుకెళ్ళండమ్మా" అన్నాడు. మిగతా దారి గురించి అడక్కండి.

పొద్దున్నే షాపుకి తెచ్చాను, విప్పినది విప్పినట్టే. బిల్లు చూసి కౌంటర్ అబ్బాయి చాలా మర్యాదగా, "వెనక్కి తీసుకుంటాం మేడం, ఒరిజినల్ ప్యాకింగ్‌లో ఉంటే చాలు" అన్నాడు. "అలా పెట్టగలిగితే వెనక్కి ఎందుకు తెస్తాను బాబూ?" అన్నాను. రూల్ అన్నాడు. గోడ మీద కూడా ఉంది, చూపించాడు. అయితే నువ్వే పెట్టు అన్నాను. "చాలా సులువు మేడం" అంటూ కౌంటర్ దాటి వచ్చాడు. ఆ మాట అనేవాళ్ళంతా ఒకే చోట ట్రైనింగ్ అవుతారేమో తెలియదు. అతని మెడలోని ఐడీ కార్డు ఇప్పుడు టెంట్ లోపల ఎక్కడో ఉంది. సాయానికి వచ్చిన ఇంకో అబ్బాయి బంతుల బుట్ట మీద పడ్డాడు, బంతులు మెట్ల వైపు వెళ్ళాయి. నేను పక్కన పిల్లల కుర్చీలో కూర్చుని ఇది ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. లోపలి నుంచి మేనేజర్ గారు వచ్చారు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. నాలుగు బొమ్మల కాగితం ఆయన చేతికిచ్చాను.

మూడో బొమ్మ దాకా బాగానే వచ్చారు.