భూమి ఇచ్చారు, హక్కు దాచుకున్నారు

పంజాబ్‌లో కొత్త కాలువలు తవ్వి బ్రిటిష్ సర్కారు రైతులను స్థిరపరిచిన ‘కాలువ కాలనీల’ పేరెత్తగానే గోధుమ పొలాలు చూపించి బ్రిటిష్ వాళ్లకు మార్కులు వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దిగుబడి పెరిగింది, నిజమే. అమృత్‌సర్, జలంధర్ లాంటి ఇరుకు జిల్లాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు బాగుపడ్డాయి, అదీ నిజమే. కానీ ఆ నేల ఖాళీగా లేదు. తరతరాలుగా పశువులు మేపుకున్నవాళ్లను ‘జాంగ్లీలు’ అని రికార్డుల్లో రాసి, భూమి తనదని సర్కారు ప్రకటించుకుంది.

తర్వాత ఆ నేలను చదరాలుగా కోసి, ఊళ్లకు ‘చక్’ నంబర్లు వేసి పంచింది. పంపకం కంటే షరతులు చూడాలి. జీలం కాలనీలో చాలామంది రైతులు భూమికి బదులుగా సైన్యం అవసరాలకు ఆడగుర్రాన్ని పెంచాలి. ఈ కాలనీల భూమి చట్టాన్ని మార్చడానికి తెచ్చిన 1906 బిల్లు ఇంకా దూరం పోయింది. షరతు తప్పితే జరిమానా. రైతు చనిపోతే వారసుడు ఎవరో కూడా సర్కారే తేలుస్తుంది. బీడు కొట్టి, ఊరు కట్టి, పంట పండించినవాడు తన పొలంలోనే అద్దెకున్నవాడయ్యాడు!

అందుకే 1907లో లాయల్‌పూర్ సభల్లో ‘పగ్డీ సంభాల్ జట్టా’ (రైతన్నా, నీ తలపాగా కాపాడుకో) అన్న పిలుపు మార్మోగింది. ఉద్యమ నాయకులు లజపతి రాయ్‌ని, అజిత్ సింగ్‌ని దేశం దాటించి బర్మాలోని మాండలేకు పంపాలని ఉత్తర్వులిచ్చినా రైతులు తగ్గలేదు. వాళ్ల బిడ్డలే సైన్యంలో ఉన్నారు. సిపాయిల్లోకి ఆ కోపం పాకుతుందన్న భయంతో వైస్రాయ్ మింటో బిల్లుకు ఆమోదం నిరాకరించాడు.

ఇదంతా చదువుతుంటే నాకు సర్కారు పేదలకు సాగుకిచ్చిన మన అసైన్డ్ పట్టాలే కళ్లముందు మెదులుతాయి. పేదల భూమి పెద్దల చేతికి పోకూడదని 1977లో ఉమ్మడి రాష్ట్రం అమ్మకాలను నిషేధించింది. ఉద్దేశం మంచిదే. కానీ ప్రాజెక్టుకో పరిశ్రమకో భూమి కావాల్సి వస్తే అధికారుల చూపు ముందుగా పడేది ఆ పేదవాడి చెక్క మీదే. అలా తీసుకున్న అసైన్డ్ భూమికి సొంత పట్టా భూములతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు తేల్చి చెప్పింది. అయినా రాజధాని అమరావతి భూ సమీకరణలో మొదట అసైన్డ్ రైతుకు భూమికి బదులుగా ప్రకటించిన ప్లాటు పట్టా రైతు ప్లాటు కంటే చిన్నది. ఎక్కువమంది దళితులు నష్టపోయే ఈ తేడాను ఏ ప్రభుత్వమూ సమర్థించుకోజాలదు. ఏళ్ల తరబడి సాగు చేస్తున్న అసలు లబ్ధిదారుకు రెండు రాష్ట్రాల్లోనూ పూర్తి హక్కు రాసివ్వాలి. భూసేకరణ నోటీసు రాకముందే ఇవ్వాలి.