టూ డీ అర్రే గ్రాఫ్ పేపర్ కాదు

ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్షలు దగ్గర పడ్డాయి. నల్గొండ, మిర్యాలగూడ కాలేజీ పిల్లల గ్రూపుల్లో టూ డీ అర్రే (అడ్డు, నిలువు వరుసల గళ్ల పట్టిక; వరుస నంబరే ఇండెక్స్) మీద ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది: "టూ డీ అర్రే అంటే గ్రాఫ్ పేపరే. మొదటి ఇండెక్స్ ఎక్స్, రెండోది వై. లూపులు ఎటు తిప్పినా ఒకటే. హద్దు దాటితే కంప్యూటరే ఎర్రర్ చూపిస్తుంది. ఒక భాషలో వస్తే అన్నింట్లో వచ్చినట్టే." "వైవాల గిట్లనే చెప్పాల్నా సార్?" అని అడుగుతున్నారు. చెప్పొద్దు.

ముందు ఆ గ్రాఫ్ సంగతి. సీ భాషలో 'ఇంట్ వాన[3][4]' అని రాశామనుకోండి. అడ్డు వరుసలు మూడు: నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ. నిలువు వరుసలు నాలుగు: జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. లెక్క సున్నాతో మొదలు కాబట్టి వాన[1][2] అంటే మిర్యాలగూడలో ఆగస్టు వాన. గ్రాఫ్ అలవాటుతో, ఎక్స్ అడ్డంగా కదా అని ముందు నెల, తర్వాత ఊరు అనుకుని [2][1] అని రాస్తే దేవరకొండ జులై వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పైగా ల్యాబ్‌లో ఎక్కువగా ఇచ్చేది మూడు బై మూడు మ్యాట్రిక్సే. తారుమారు చేసినా హద్దు దాటదు, తప్పు దొరకదు. ఐ, జె అని కాకుండా ఊరు, నెల అనే పేర్లతో లూపులు రాయండి, సగం టెన్షన్ పోతుంది.

హద్దు దాటితే ఎర్రర్ అన్నది జావాలో నిజం. పైథాన్‌లోనూ వస్తుంది గానీ, అక్కడ -1 అంటే చివరి గడి, అది హద్దులోదే. సీ అసలు అడగనే అడగదు. మెమరీలో ఈ 12 గళ్లూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. గడి స్థానం ఊరు × 4 + నెల. వాన[0][5] అంటే స్థానం 5. వాన[1][1] కూడా 5. అంటే చాలాసార్లు మిర్యాలగూడ జులై వాన నల్గొండ ఖాతాలో పడుతుంది. సీ భాష ప్రమాణం (స్టాండర్డ్) మాత్రం ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో ఏ హామీ ఇవ్వదు.

లూపుల మాటకూ ఇదే సూత్రం జవాబు. లూపులు ఎటు తిప్పినా వచ్చే ఫలితం ఒకటే, పట్టే టైమ్ ఒకటి కాదు. మామూలు ప్రాసెసర్లు మెమరీని 64 బైట్ల చొప్పున క్యాష్‌లోకి (ప్రాసెసర్ దగ్గరే ఉండే చిన్న, వేగమైన మెమరీ) తెచ్చుకుంటాయి, అంటే 4 బైట్ల అంకెలు 16. అడ్డు వరుస వెంట నడిస్తే ఆ పదహారూ పనికొస్తాయి. నిలువుగా దూకితే పెద్ద అర్రేలో ఒక్కటి వాడి మిగతావి వదిలేసినట్టే. మన 12 గళ్లకు తేడా తెలియదు, 5000 బై 5000 పెట్టి చూడండి.

ఇక అన్ని భాషలూ ఒకటే అన్నది. ఫోర్ట్రాన్, మ్యాట్‌ల్యాబ్ మామూలుగా 1 నుంచి లెక్కిస్తాయి, మెమరీలో నిలువు వరుసలను వరసగా పేరుస్తాయి. జావాలో ఒక్కో అడ్డు వరుస ఒక్కో పొడవు ఉండొచ్చు. పైథాన్‌లో [[0]*4]*3 అని రాస్తే మూడు వరుసలు తయారు కావు, ఒకే వరుసకు మూడు దారులు పడతాయి. నల్గొండ జూన్ మారిస్తే దేవరకొండ జూన్ కూడా మారిపోతుంది. ఫర్ లూపుతో ఒక్కో వరుసను విడిగా తయారు చేసుకోవాలి.