కోడు అక్కర్లేదు, డబ్బాలు గీస్తే చాలు

మానవజాతికి మరో శుభవార్త అందింది. ఇకపై ప్రోగ్రాములు రాయనక్కర్లేదట. తెర మీద ఎడమవైపు రంగురంగుల డబ్బాలు ఉంటాయి. వాటిని మౌసుతో పట్టుకొచ్చి మధ్యలో పడేసి బాణాలు గీస్తే సాఫ్ట్‌వేరు దానంతటదే తయారవుతుంది. ఒక్క లైను కోడు కూడా రాయనక్కర్లేదని ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉంటుంది.

ఒక్క మనవి. ఆ డబ్బాల జాబితాను ఓపిగ్గా చివరిదాకా చూడండి. అట్టడుగున, ఎవరి కంటా పడకూడదన్నట్టు, బూడిద రంగులో ఒక డబ్బా నక్కి ఉంటుంది. దాని పేరు 'సొంత కోడు'. మిగతా డబ్బాల వల్ల కాని పనులన్నీ అందులో రాసుకోవాలి. కోడు అక్కర్లేని పరికరంలో కోడు కోసమే కట్టిన ఈ గది ఊసు ప్రకటనలో ఎక్కడా ఉండదు. ఇలా కోడు లేకుండా పని జరుగుతుందనే 'నో-కోడ్' పరికరం ఏది తెరిచినా ముందు దాని కోసమే వెతకడం నాకు వ్యసనమైంది. ఇంతవరకూ నిరాశపడలేదు.

ప్రోగ్రామర్ పని అయిపోయిందన్న వార్త మాత్రం కొత్తదేమీ కాదు. 1954లోనే ఐబీఎంలో జాన్ బాకస్ బృందం, ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే కోడింగు, తప్పులు వెతికి సరిచేసే పని దాదాపుగా ఉండవని తమ తొలి నివేదికలో రాసుకుంది. 1957లో ఫోర్ట్రాన్ వచ్చింది. గొప్ప భాషే, కాదనలేం. తప్పులు మాత్రం పోలేదు, వాటిని వెతకడమే ఒక జీవనోపాధిగా స్థిరపడింది. 1959లో కోబాల్ అనే మరో భాష పని మొదలైంది. కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ చూపిన బాటలో, ప్రోగ్రాము ఇంగ్లిషు వాక్యాల్లా ఉంటే మేనేజర్లు కూడా చదువుకుంటారన్నది ఆశ. మేనేజర్లు చదవడానికి వీలుగా రాశారు. చదవడం మాత్రం మేనేజర్లు ప్రోగ్రామర్లకే వదిలేశారు. 1981లో బ్రిటన్‌లో ఏకంగా 'ద లాస్ట్ వన్' అనే పేరుతో ఒక ప్రోగ్రాము అమ్మకానికి వచ్చింది. ఇదే ఆఖరిది, ఇక మీదట ఏం కావాలన్నా ఇదే రాసిపెడుతుందని ధీమా. ఆఖరిదాని తర్వాత ఎన్ని వచ్చాయో చెప్పనక్కర్లేదు. బొమ్మ గీస్తే కోడు పుడుతుందన్న 'కేస్' అనే పరికరాలు వచ్చాయి, 1991లో బటన్లను మౌసుతో తెర మీద పేర్చుకునే విజువల్ బేసిక్ వచ్చింది, 2014లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ ఇలాంటి పరికరాలకు 'లో-కోడ్', అంటే తక్కువ కోడు, అని నామకరణం చేసింది. చావు కబురు వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామర్ల సంఖ్య పెరుగుతూనే పోయింది.

సరే, డబ్బాల దగ్గరికే వద్దాం. ఒక ఆఫీసు అనుకుందాం. సెలవు దరఖాస్తుల పద్ధతిని డబ్బాల్లోకి ఎక్కించాలి. మొదటి డబ్బాలో ఉద్యోగి దరఖాస్తు, రెండో డబ్బాలో పై అధికారి ఆమోదం, మూడో డబ్బాలో సెలవు మంజూరు. మూడు డబ్బాలు, రెండు బాణాలు, సమావేశంలో చప్పట్లు. చప్పట్లు ఆగకముందే వెనక వరస నుంచి ఎవరో "పై అధికారే సెలవులో ఉంటే?" అంటారు. ఎక్కడికెళ్లినా ఇలాంటి మనిషి ఒకరుంటారు, వాళ్లకు పదోన్నతి రాదు. సరే, ఆయన సెలవులో ఉంటే దరఖాస్తు ఆయన సహాయకుడికి వెళ్లేలా ఇంకో బాణం గీస్తారు. మరి సహాయకుడే సెలవు అడిగితే? అదీ సహాయకుడి దగ్గరికే వస్తుంది, తన సెలవు తానే మంజూరు చేసుకుంటాడు. ఆడిట్ వాళ్లు గగ్గోలు పెడతారు. సొంత దరఖాస్తును ఎవరూ ఆమోదించుకోరాదని ఒక డైమండ్ ఆకారపు డబ్బా చేరుతుంది. ఇప్పుడు సహాయకుడి దరఖాస్తు పై అధికారికి వెళ్తుంది. ఆయన సెలవులో ఉన్నాడు కనుక సహాయకుడికి వస్తుంది. సొంతది కనుక మళ్లీ పై అధికారికి వెళ్తుంది. వెళ్లిన ప్రతిసారీ ఒక ఈమెయిల్, వచ్చిన ప్రతిసారీ ఒక ఈమెయిల్. శనివారం, ఆదివారం రాత్రింబవళ్లు ఆ దరఖాస్తు ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. సోమవారం మెయిల్ సర్వర్ సెలవు పెడుతుంది, దరఖాస్తు లేకుండానే.

ఇంకా అరపూట సెలవు రాలేదు. మంజూరయ్యాక రద్దు చేసుకోవడం రాలేదు. సెలవులో ఉండగా బదిలీ అయినవాడు రాలేదు. అవన్నీ వచ్చేసరికి బొమ్మ తెరలో పట్టదు. పట్టేంత చిన్నది చేస్తే డబ్బాల మీది అక్షరాలు కనిపించవు. ఏ బాణం ఎటు పోతోందో గీసినవాడికీ తెలియదు. నిన్నటి బొమ్మకూ ఇవాళ్టి బొమ్మకూ తేడా ఏమిటో తెలియాలంటే, అదే కోడు అయితే మారిన లైన్లు పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. ఇక్కడ రెండు బొమ్మల్నీ కళ్లు చికిలించి చూడటమే. చివరికి డబ్బాలు గీయడంలో పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందిన నిపుణుణ్ణి పిలిపిస్తారు. ఆయన ప్రోగ్రామర్ కాదు, ఆ మాట అంటే యాజమాన్యానికి కోపం వస్తుంది. ఆయన వచ్చి, గొంతు సవరించుకుని, బూడిద రంగు డబ్బా తెరిచి కోడు రాస్తాడు.

కష్టం కోడు లైను చివర పెట్టే సెమీకోలన్‌లో ఎన్నడూ లేదు. ఎవరు ఎవరికి జవాబుదారో ఆ సంస్థే ఏనాడూ తేల్చుకోలేదు. తేల్చుకోని సంగతిని ఏ రంగు డబ్బాలో పెట్టినా అది తేలదు.

అందరికీ అందిన అసలైన నో-కోడ్ పరికరం స్ప్రెడ్‌షీటు. 1979లో విజికాల్క్‌తో మొదలై ఇవాళ ఎక్సెల్ రూపంలో సగం ప్రపంచాన్ని నడుపుతోంది. దాని మీద నాకు గౌరవమే. కానీ మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ పట్టుబట్టి మార్చి 1వ తేదీగా మార్చేస్తుంటే, వేగలేక శాస్త్రవేత్తలు 2020లో జన్యువు పేరునే మార్చుకున్నారు. ఇందాకటిదాకా నవ్వుకున్నాం, దీనికీ నవ్వుకోవచ్చు.

అదే ఏడాది బ్రిటన్‌లో జరిగినదానికి నవ్వు రాదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. ల్యాబుల ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. అందులో షీటుకు 65,536 వరసలే పడతాయి, ఒక్కో కేసుకు అనేక వరసలు కావాలి. షీటు నిండింది. మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. జబ్బుపడ్డవాళ్లకు తమ ఫలితం తెలిసింది. వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లను, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లను వెతికి హెచ్చరించాల్సిన సిబ్బందికి మాత్రం ఆ కేసులు రోజుల తరబడి చేరలేదు. అంటురోగం ఆ రోజుల్లో సెలవు తీసుకోలేదు.

షీటు నిండితే ఏమవుతుంది? ఈ ఒక్క ప్రశ్న అడగడానికే అయ్యా ప్రోగ్రామర్ అనే మనిషి ఉన్నది! అతని పని టైపు చేయడం కాదు. ఏది ఎక్కడ తెగిపోతుందో ముందే భయపడటం అతని పని. ఆ భయపడే మనిషినే మీ ప్రకటనలు అడ్డంకి అంటున్నాయి, పాతకాలం వాడంటున్నాయి. నిండిపోయిన షీటు గురించి ఒక్క కేక వేసేవాడు లేకపోవడాన్ని సౌలభ్యం పేరుతో అమ్ముకుంటున్నారు. సిగ్గులేదా?

ఇప్పుడు డబ్బాలు కూడా పాతబడ్డాయట, కృత్రిమ మేధకు నోటితో చెబితే చాలట, కోడు అదే రాసిపెడుతుందట. 2025 ఫిబ్రవరిలో కృత్రిమ మేధ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ దీనికి 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టాడు. కోడు ఉందన్న సంగతే మరిచిపోవచ్చన్నాడు. వాడి పారేసే వారాంతపు పనులకు ఫరవాలేదని కూడా అదే చోట అన్నాడు. ఆ వాక్యం బ్యాంకుల దాకా, ఆసుపత్రుల దాకా చేరినట్టు లేదు.

డబ్బాలు కొన్నవాళ్లకు ఇంకొక సమాచారం. పరికరం అమ్మిన కంపెనీ రేపు చందా పెంచితే, లేదా దుకాణమే కట్టేస్తే, మీ డబ్బాలను ఇంకో చోటికి తీసుకుపోవచ్చా అని ముందే అడిగి చూడండి. చాలా చోట్ల తీసుకుపోవచ్చనే చెబుతారు. బటన్ నొక్కితే పీడీఎఫ్ వస్తుంది. రంగులు బాగానే ఉంటాయి.