గుర్రం ఎవరిది?

మా పాప స్కూలుకి ఒక యాప్ ఉంది. ఫీజు గడువు గురించి వారం ముందు నుంచే మోగుతుంది. మిగతా సంగతులు మాత్రం రాత్రి తొమ్మిది దాటాక, మనం పెరుగన్నంలో ఉండగా చెబుతుంది. శుక్రవారం రాత్రి అలాగే వచ్చింది: "రేపు కారెక్టర్ డే. అంశం: యుద్ధకాలపు బాలల నవలలు, పిల్లలు, జంతువులు. విద్యార్థితో పాటు తల్లి గానీ తండ్రి గానీ అదే పుస్తకంలోని పాత్ర వేషంలో హాజరు కావలెను. మామూలు దుస్తులు అనుమతించబడవు."

పాప చదివింది మైకేల్ మోర్పుర్గో 'వార్ హార్స్'. 1982లో వచ్చిన నవల. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన జోయీ అనే గుర్రం తన కథ తనే చెబుతుంది. దాన్ని పెంచిన కుర్రాడు ఆల్బర్ట్ వేషం పాపది. పాత టోపీ ఒకటి దొరికింది, అయిపోయింది. నేను ఆల్బర్ట్ వాళ్ళ నాన్నని వేస్తానన్నాను. ఖర్చు ఉండదని.

"వద్దు నాన్నా. ఆయన తాగుతాడు. ఆల్బర్ట్‌కి చెప్పకుండా జోయీని మిలిటరీ వాళ్ళకి 40 పౌన్లకి అమ్మేశాడు. నువ్వు గుర్రమే వెయ్యి."

"ఆయనైతే మేకప్ కూడా అక్కర్లేకపోయేది" అంది మా ఆవిడ. తనకి శనివారం ఆఫీసు ఉందనీ చెప్పింది.

క్లాసు గ్రూపులో అప్పటికే ఒకావిడ పిల్లిని పట్టేసింది. అదే రచయిత ఇంకో నవలలో, 1943లో ఇంగ్లండ్ తీరంలో స్లాప్టన్ చుట్టుపక్కల ఊళ్ళని సైనిక శిక్షణ కోసం ఖాళీ చేయిస్తుంటే, లిలీ అనే పిల్ల తన పిల్లి కోసం వెతుక్కుంటుంది. పిల్లి అంటే కాటుకతో మీసాలు గీసుకుంటే చాలు, అదృష్టవంతురాలు. ఇంకొకాయన ఏనుగు. ఆ రచయితదే మరో నవలలో, జర్మనీలో డ్రెస్డెన్ మీద బాంబులు పడితే జంతువులు ఊరి మీద పడతాయని జూలో వాటిని కాల్చేస్తారట. అందుకని జూలో పనిచేసే తల్లి ఏనుగుపిల్లని ఇంటి తోటలోకి తెచ్చుకుంటుంది. ఈ భయం మనకీ తెలిసిందే. 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ రోజుల్లో మద్రాసు జూలో పులుల్నీ సింహాల్నీ నిజంగానే కాల్చేశారు. దాని మీద మనవాళ్ళెవరైనా పిల్లల నవల రాసి ఉంటే నాకు పులివేషం దొరికేది. పులివేషానికి మన ఊళ్ళలో మనుషులున్నారు, రంగులున్నాయి, డప్పులున్నాయి. గుర్రానికి ఎవరున్నారు?

చిక్కడపల్లిలో వేషాలు అద్దెకిచ్చే షాపాయన ఉన్నాడు. ఆయన దగ్గర గుర్రం లేదు. యూనికార్న్ ఉంది. పుట్టినరోజు ఫంక్షన్లకి అదే నడుస్తోందట. కొమ్ము విప్పేసి, ఆ బొక్క కనబడకుండా తెల్ల గుడ్డ అతికించి, "నుదుటి మీద మచ్చ" అన్నాడు. జోయీకి నుదుట తెల్లటి గుర్తు ఉన్న మాట నిజమే. కానీ జోయీ ఎర్ర గుర్రం. ఇది గులాబీరంగు. డిపాజిట్ రెండు వేలు.

పాప స్కూలు బస్సులో ముందే వెళ్ళిపోయింది. నేను కారు దూరంగా ఆపి, అక్కడే వేషం తొడుక్కుని, తల పెట్టుకుని, మెడ వెనక జిప్పు లాగాను. అది చొక్కా కాలరులో ఇరుక్కుంది. ఇక పైకీ రాదు, కిందికీ రాదు. లోపలంతా స్పాంజి. మాట్లాడితే నాకు నా మాటలు వినబడుతున్నాయి, బయటికి మాత్రం "బుర్ర్ర్" అని వస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రాలకి విషవాయువు తగలకుండా ముట్టె మీదికి మాస్కులు కట్టేవాళ్ళు. వాటి అవస్థ నాకు స్కూలు గేటు చేరే లోపలే తెలిసింది.

గేటు దగ్గర కొత్త పద్ధతి పెట్టారు. ముఖం చూసి గుర్తుపట్టే మిషను. ముఖం చూపించాలి, లేదా ఫోనులో క్యూఆర్ కోడ్ చూపించాలి. ఫోను ప్యాంటు జేబులో ఉంది, ప్యాంటు గుర్రం లోపల ఉంది. గుర్రానికి జిప్పు వెనక ఉంది. మిషను నా ముఖాన్ని శ్రద్ధగా చూసి ఎర్రలైటు వేసింది. వాచ్‌మన్ "ఫేస్ మ్యాచ్ అయితలేదన్నా, పక్కకి నిలబడు" అన్నాడు. తల్లిదండ్రుల్ని జంతువుల్లా రమ్మని రాసిన చేతులే ఈ మిషన్ని ఆర్డరు చేసి ఉంటాయి. ఆ రెండింటి మధ్యా ఒక్క నిమిషం ఆలోచన ఖర్చు పెట్టి ఉంటే బాగుండేది.

పక్కకి నిలబడ్డాను. పక్క అంటే రోడ్డు. సాయంకోసం చుట్టూ చూస్తూ డివైడర్ దాకా వెళ్ళాను. రోడ్డుకి అటువైపు ఒక ఫంక్షన్ హాలు, దాని ముందు బెలూన్ల ఆర్చి. అక్కణ్ణించి కోటు వేసుకున్న ఒకాయన పరుగెత్తుకొచ్చి నా ముందరి కాలు పట్టుకున్నాడు.

"ఎంతసేపయ్యా? కేకు కోసే టైమైపోతోంది. కొమ్మేదీ? మేం బుక్ చేసింది కొమ్మున్నది! రేటు తగ్గించుకుంటా, చెప్తున్నా."

"బుర్ర్ర్" అన్నాను.

అంతవరకూ నన్ను లోపలికి రానివ్వని వాచ్‌మన్‌కి అప్పుడు పౌరుషం వచ్చింది. అతనూ వచ్చి రెండో కాలు పట్టుకున్నాడు. "ఏడికి తీస్కపోతున్నవ్ సార్? గిది మా స్కూల్ గుర్రం."

"మీదైతే లోపలికెందుకు పంపలేదు?"

"ఫేస్ మ్యాచ్ కాలే. అయినా మాదే."

'వార్ హార్స్' చదివినవాళ్ళకి ఈ ఘట్టం కొత్త కాదు. రెండు సైన్యాల కందకాల మధ్య, ఎవరిదీ కాని నేలలో, ముళ్ళకంచెలకి చీరుకుపోయి జోయీ ఒంటరిగా నిలబడుతుంది. అటు నుంచి ఒక జర్మన్ సైనికుడు, ఇటు నుంచి ఒక వెల్ష్ సైనికుడు తెల్లజెండాలతో వస్తారు. గుర్రం ఎవరిదో తేల్చడానికి నాణెం ఎగరేస్తారు. రాత్రి పాప అది చదివి వినిపిస్తే నాకు గొంతు పట్టేసింది. ఆ యుద్ధంలో చచ్చిపోయిన గుర్రాలు 80 లక్షలంటారు. మన నిజాం గుర్రపుదళం, హైదరాబాద్ లాన్సర్లు కూడా 1914లో గుర్రాలతో సహా ఓడెక్కి ఈజిప్టు వెళ్ళినవాళ్ళే. స్కూలు వాళ్ళు ఇచ్చిన పుస్తకాల పట్టీలో వాళ్ళ ఊసే లేదు. ఇదంతా డివైడర్ మీద, రెండు కాళ్ళూ ఇద్దరి చేతుల్లో ఉండగా నాకు గుర్తొచ్చింది. జోయీ చెప్పేది కనీసం పాఠకులకైనా అర్థమవుతుంది. నాకు ఆ దిక్కూ లేదు. బస్సులో ఉన్న జనం మాత్రం ఫోన్లు తీశారు.

ట్రాఫిక్ హోంగార్డు వచ్చి, "ఎందుకు లొల్లి, టాస్ వెయ్యిండ్రి" అన్నాడు. ఆయన ఆ నవల చదివి ఉంటాడని నేననుకోను.

నాణెం కావాలి. కోటాయన జేబులు తడుముకున్నాడు, లేదు. వాచ్‌మన్ దగ్గర లేదు. హోంగార్డు కొబ్బరిబోండాల బండివాణ్ణి అడిగితే, అతను క్యూఆర్ కోడ్ అట్ట చూపించాడు. పూలమ్మే ఆమె దగ్గర పది రూపాయల బిళ్ళ ఉంది గానీ, అది చెల్లుతుందా చెల్లదా అని మళ్ళీ తగువు. రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు చెల్లుతుందని ప్రకటించినా మనవాళ్ళు పది బిళ్ళని నమ్మరు, ఆఖరికి గాల్లోకి ఎగరెయ్యడానికి కూడా. చివరికి హోంగార్డే ఫోనులో ఏదో టాస్ యాప్ దింపుకున్నాడు. నొక్కగానే పప్పునూనె ప్రకటన వచ్చింది. అందరం చూశాం. దాటెయ్యడానికి లేదు. తర్వాత ఇంకోటి, ఇల్లు కట్టుకోవడానికి సిమెంటు. అప్పుడు నాణెం తిరిగింది.

స్కూలు ఓడిపోయింది.

తర్వాత అరగంట గురించి చెప్పను. ఏడాది బాబు నా వీపు మీద కూర్చున్నాడు, అంతే.

అసలు యూనికార్న్ ఆలస్యంగా వచ్చాడు. అమీర్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడట. పొడుగ్గా, కొమ్ముతో సహా. నవలలో జోయీ పక్కన టాప్‌థార్న్ అని ఒక నల్ల గుర్రం ఉంటుంది. జోయీకి అది పక్కన నిలబడి ధైర్యమిస్తుంది. ఇతను మొదట "ఏ ఈవెంట్స్ బ్రదర్ నువ్వు? రేట్లు పాడు చేస్తున్నరు మీరంతా" అని తిట్టాడు గానీ, జిప్పు సంగతి చూడగానే నోట్లో పిన్నీసు పెట్టుకుని, ఒక్క గుంజుతో నా తల బయటికి తీశాడు. కోటాయన నా ముఖం చూసి, కొమ్ములేదు కాబట్టి డబ్బులు ఇవ్వనన్నాడు.

స్కూలుకి వెళ్ళేసరికి ఊరేగింపు అయిపోయింది. మిషను ఈసారి నన్ను గుర్తుపట్టి పచ్చలైటు వేసింది. పాప స్టేజీ మీద ఒంటరిగా నిలబడి, జోయీ యుద్ధానికి వెళ్ళిపోయాడని చెప్పి, రెండో బహుమతి తెచ్చుకుంది.

సాయంత్రం యాప్ మోగింది: "పేరెంట్: గైర్హాజరు." కోఆర్డినేటర్ మేడమ్‌కి రాశాను, వచ్చానండీ, గేటు దగ్గర ఆపేశారని. రుజువుగా వేషంలో ఫోటో పెట్టమన్నారు. నా దగ్గరున్న ఒకే ఒక్క ఫోటో ఫంక్షన్ హాలు ఫోటోగ్రాఫర్ పంపింది. పెట్టాను.

"సర్, ఇది ఏ నవలలోది? వెనకాల హ్యాపీ ఫస్ట్ బర్త్‌డే అని ఉంది" అని జవాబొచ్చింది. దాని కింద చిక్కడపల్లి నుంచి ఇంకో మెసేజి: చెవికి క్రీమ్ అంటింది కాబట్టి డిపాజిట్‌లో ఏడు వందలు కోసుకుంటారట.