సవరణ: చెన్నైలో నాగల్‌కు వచ్చింది 125 కాదు, 100 పాయింట్లు

2024 చెన్నై ఓపెన్‌లో మన టెన్నిస్ ఆటగాడు సుమిత్ నాగల్ అవకాశాల గురించి రాసిన పోస్టులో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది: గెలిస్తే 125 ర్యాంకింగ్ పాయింట్లు వస్తాయని, ఫైనల్లో ఓడినా 64 దక్కుతాయని రాశాను. అవి ఛాలెంజర్లలో, అంటే పెద్ద టోర్నీలకు ఒక మెట్టు కిందివాటిలో, 125 స్థాయి టోర్నీ లెక్కలు. చెన్నైది ఛాలెంజర్ 100. అక్కడ విజేతకు 100, రన్నరప్‌కు 50, సెమీస్‌లో ఓడితే 25 మాత్రమే. ఛాలెంజర్ అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. 50 నుంచి 175 వరకు స్థాయిలున్నాయి, ఆ సంఖ్యే విజేతకు వచ్చే పాయింట్లు.

ఈ తేడా చిన్నది కాదు. అప్పటికి నాగల్ 121వ ర్యాంకులో ఉన్నాడు. ఫైనల్ చేరితే చాలు, టాప్ 100 ఖాయమని నేను ధీమాగా రాసింది ఆ తప్పు లెక్క మీదే. నిజానికి అతనికి టైటిలే కావాల్సి వచ్చింది. ఫిబ్రవరి 11న ఫైనల్లో లూకా నార్డిని 6-1, 6-4తో ఓడించి, మర్నాడు 98కి చేరాడు. 2019లో ప్రజ్ఞేశ్ గున్నేశ్వరన్ తర్వాత సింగిల్స్‌లో మనవాడొకడు వందలోపు కనిపించడం అదే మొదలు. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో!

రెండో తప్పు: ఆ పాయింట్లు ఖాతాలో ఉండిపోతాయన్నట్టు రాశాను. ఉండవు. 52 వారాల తర్వాత పోతాయి. మళ్లీ అంత సంపాదించకపోతే ర్యాంకు జారుతుంది. చిన్న టోర్నీల మీద ఆధారపడే ఆటగాళ్లకు ఏటా ఇదే టెన్షన్.

పాత పోస్టులో అంకెలు సరిచేశాను. దాన్ని నమ్మి లెక్కలు వేసుకున్నవారు క్షమించాలి.