నెట్‌వర్క్ స్విచ్ కాలిపోతే ఇంకోటి కొనొచ్చు, కాన్ఫిగ్ (దాని సెట్టింగులు) పోతే?

కరెంటు పనుల కోసం ఒక రాత్రి మా కోర్ స్విచ్ (నెట్‌వర్క్ మొత్తాన్ని కలిపే ప్రధాన పరికరం) ఆపాల్సి వచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే లైట్లన్నీ పచ్చగానే వెలిగాయి, కానీ సగం విభాగాలకు నెట్ లేదు. స్టాటిక్ రూట్లు (చేత్తో రాసిన దారులు) లేవు, యాక్సెస్ లిస్టులు (ఎవరిని అనుమతించాలో చెప్పే నియమాలు) పాతవి, చాలా పోర్టులు వేరే వీల్యాన్‌లో (ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేరు నెట్‌వర్క్) ఉన్నాయి.

రెండేళ్లుగా ఎవరెవరో చేసిన మార్పులన్నీ రన్నింగ్ కాన్ఫిగ్‌లోనే, అంటే అప్పటికి నడుస్తున్న సెట్టింగుల్లోనే ఉండిపోయాయట. సిస్కో స్విచ్‌లో అది ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే దాంతోపాటే పోతుంది. బూట్ అయ్యేటప్పుడు స్విచ్ చదివేది స్టార్టప్ కాన్ఫిగ్‌ని, అంటే సేవ్ చేసి ఉంచిన సెట్టింగుల్ని. మార్పు చేశాక 'రైట్ మెమరీ' అని కమాండ్ కొడితే అందులో సేవ్ అయిపోయేది. ఎవరూ కొట్టలేదు.

బ్యాకప్ ఏదని అడిగితే, ఉద్యోగం మానేసిన ఒకతని లాప్‌టాప్‌లో ఉండేదన్నారు. చివరికి దొరికిన ఫైల్ పేరు 'ఫైనల్ న్యూ 2'. అది ఎప్పటిదో చెప్పగలిగినవాళ్లు లేరు. తెల్లవారేదాకా ఒక్కో కేబుల్ పట్టుకుని, ఏ పోర్టు ఎక్కడిదో వెతుక్కుంటూ మళ్లీ రాశాం. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

సేవ్ చేయమని మెయిళ్లు పెడితే లాభం లేదండీ, మనుషులు మర్చిపోతారు. ఆక్సిడైజ్డ్, రాన్సిడ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అవి ప్రతి పరికరంలోకీ లాగిన్ అయి కాన్ఫిగ్ తెచ్చుకుని, పాతదానితో పోల్చి దాచిపెడతాయి. మాకు ఇప్పుడు పొద్దున్నే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మెయిల్‌లో వస్తుంది. ఎవరైనా ట్రంక్ పోర్టులో (చాలా వీల్యాన్‌లను మోసే పోర్టు) కొత్త వీల్యాన్ చేర్చేటప్పుడు 'యాడ్' అన్న మాట మర్చిపోయి మొత్తం వీల్యాన్ జాబితానే మార్చేసినా, ఏ లైను మారిందో కళ్లకు కనిపిస్తుంది. సగం ట్రబుల్‌షూటింగ్ అక్కడే అయిపోతోంది.

ఆ ఫైళ్లను మాత్రం అందరికీ కనిపించే ఫోల్డర్‌లో పెట్టకండి. కాన్ఫిగ్‌లో సిస్కో టైప్ 7 పద్ధతిలో మరుగుపరిచిన పాస్‌వర్డ్‌ను క్షణాల్లో విప్పేయొచ్చు. ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీ పద్ధతిలో అయితే లాగిన్ లేదు, ఎన్‌క్రిప్షన్ కూడా లేదు.

బ్యాకప్ ఉందని అక్కడితో ఆగొద్దు, ఖాళీ స్విచ్‌లోకి ఎక్కించి చూడండి. మేం మొదటిసారి చూసినప్పుడు పోర్టులన్నీ సరిగ్గా వచ్చాయి గానీ వీల్యాన్‌లే లేవు. మా స్విచ్ వీటీపీ (వీల్యాన్ జాబితాను స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) సర్వర్ మోడ్‌లో ఉంది, అందుకని వాటి వివరాలు ఫ్లాష్‌లో వేరే ఫైల్‌లో ఉన్నాయి. ఆ 'vlan.dat' ఫైల్ సంగతి మాకు ఆ రోజే తెలిసింది. అదృష్టవశాత్తూ అది టెస్ట్ స్విచ్.