కేసు పడ్డంత మాత్రాన కొలువు పోదు

కొన్నాళ్లుగా మా నల్లగొండ జిల్లా నిరుద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు. ఎఫ్ఐఆర్‌లో పేరు ఎక్కితే సర్కారు కొలువు గానీ ప్రైవేటు కొలువు గానీ ఇక రాదు. కోర్టు కొట్టేసినా లాభం లేదు, రికార్డులో ఉండిపోతుంది. రాజీ అయిన కేసును ఫారంలో రాయకపోవడమే తెలివి. కేసు ఉన్నవాణ్ణి వద్దనడం యజమాని హక్కు, అమెరికాలోనూ అంతే, అందులో వివక్ష మాటే లేదు.

నేను ఇక్కడి కోర్టులో క్రిమినల్ కేసులు చూసే వకీలును. ఈ మాటలు నమ్మి నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడి సంగతి ముందు చెప్పాలి.

దేవరకొండ అవతల తండా అతనిది. కానిస్టేబుల్‌కు సెలెక్ట్ అయ్యాడు. అటెస్టేషన్ ఫారం తెచ్చి నా టేబుల్ మీద పరిచాడు. ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా, అరెస్టయ్యావా అని అడిగే గడిలో ‘లేదు’ అని పెన్సిల్‌తో సన్నగా రాసుకొచ్చాడు. నేను ఊ అంటే దాని మీదే పెన్నుతో దిద్దుతాడు. కొన్నేళ్ల కింద వినాయక నిమజ్జనం రాత్రి డీజే దగ్గర రెండు గుంపులు కొట్టుకున్నాయి. ఫిర్యాదులో పన్నెండు మంది పేర్లు రాయించారు, ఇతను ఏ-9, అంటే తొమ్మిదో నిందితుడు. సెక్షన్లు 341, 323, 506, అంటే అడ్డగించడం, కొట్టడం, బెదిరించడం. ఏడాది తిరగకముందే పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడారు, లోక్ అదాలత్‌లో రాజీ అయింది.

“సార్, నేను లొల్లి కాడ లేనే లేను. మా అన్న ఉన్నడని నా పేరు గూడ ఎక్కిచ్చిండ్రు. గిప్పుడు రాస్తే తీసేస్తరట గదా,” అన్నాడు. నా దగ్గర రబ్బరు లేకపోతే పక్క వకీలు గుమాస్తాను అడిగి తెప్పించి ఆ ‘లేదు’ను తుడిపించాను.

ఇప్పుడు మెసేజ్‌లో మొదటి మాట. ఎఫ్ఐఆర్ అంటే ఫిర్యాదు అందిందని పోలీసులు రాసుకునే కాగితం. ఇంతకుముందు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 154 కింద రాసేవాళ్లు, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 173 కింద రాస్తున్నారు. దర్యాప్తు, చార్జిషీటు, సాక్షులు, తీర్పు అన్నీ ఆ తర్వాతి సంగతులు. 2022 చివర్లో దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. జైల్లో ఉన్న నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు. అలాంటప్పుడు బయట ఉన్న ఏ-9ను నేరస్తుడని ఎవరు తేల్చారు? చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. సెక్యూరిటీ గార్డుల కోసం 2005లో తెచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం నడవడిక విచారించుకోమంటుంది, కానీ పెట్టుకోకూడదని నిషేధించింది కోర్టు దోషిగా తేల్చినవాణ్ణి. కేసు ఉన్నవాణ్ణి అనలేదు.

సర్కారు కొలువుల విషయంలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి 2016లో అవతార్ సింగ్ కేసులో దారి చూపింది. చిన్న కేసు నడుస్తుండగా అభ్యర్థి దాన్ని నిజాయితీగా రాస్తే, తీర్పుకు లోబడి ఉద్యోగం ఇవ్వొచ్చు అంది. కుర్రతనంలో నినాదాలు ఇచ్చిన కేసుల్లాంటివి దాచినా కూడా పెద్ద మనసుతో వదిలేయొచ్చు అంది. తెలంగాణ ఉద్యమంలో రాస్తారోకోలకూ రైల్‌రోకోలకూ పోయి కేసులు పెట్టించుకున్న తరం మాది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు మా హాస్టల్ గదులే గుర్తొచ్చాయి.

రెండో మాటలో సగం నిజం ఉంది, దాన్ని దాచను. కోర్టు కొట్టేసినా స్టేషన్ రికార్డులో పాత కేసు వివరం ఉంటుంది. పోలీసు కొలువుకైతే చూపు మరీ కటువు. రాజీ మీద బయటపడ్డ అభ్యర్థిని ఢిల్లీ పోలీసుల స్క్రీనింగ్ కమిటీ వద్దంటే, 2013లో మెహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కమిటీ వైపే నిలిచింది. సాక్షులు ఎదురుతిరిగి కొట్టేసిన పెద్ద కేసుకూ, సాక్ష్యం విని నిర్దోషి అన్న కేసుకూ తేడా చూస్తారు. అయితే ‘లాభం లేదు’ అనడం మాత్రం తప్పు. రాజీకి వీలున్న సెక్షన్లలో రాజీ పడితే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలే. సీఆర్‌పీసీ 320లో ఆ మాట ఉండేది, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 359లో ఉంది. పద్దెనిమిది నిండకముందు పడ్డ కేసైతే 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ కేసు వల్ల ఏ అనర్హతా అంటదు. పదహారు దాటాక అతి ఘోరమైన నేరంలో చిల్డ్రన్స్ కోర్టు దోషిగా తేల్చితే తప్ప.

మూడో మాట చదివినప్పుడే నాకు కోపం వచ్చింది. మిగతావి భయపెడతాయి, ఇది కొంప ముంచుతుంది. అవతార్ సింగ్ తీర్పులో మొట్టమొదట చెప్పిందే యజమానికి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని. ఫారంలో ‘లేదు’ అని రాస్తే సరిపోదు. స్పెషల్ బ్రాంచి మనిషి ఊరికి వస్తాడు, స్టేషన్‌లో చూస్తాడు, హోటల్ దగ్గర నలుగురిని అడుగుతాడు. డీజే కొట్లాట ఊళ్లో ఎవరు మర్చిపోతారు? అప్పుడు మీ మీద ఉండేది కొట్టుకున్న మచ్చ కాదు, అబద్ధం ఆడిన మచ్చ. యూపీలో రవీంద్ర కుమార్ అనే అభ్యర్థి కానిస్టేబుల్‌కు సెలెక్టయ్యి, కొట్టేసిన చిన్న కేసును రాయలేదు. 2005లో సెలెక్షన్ రద్దు చేశారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. గెలిచాడు, నిజమే. కానీ మధ్యలో పోయిన ఏళ్లు లెక్కేసుకోండి.

ఇంకొక్క మాట. ఫారం అడిగిన దానికే జవాబు ఇవ్వాలి. ప్రశ్న స్పష్టంగా లేకపోతే దాచారని అనడానికి వీల్లేదని కూడా అవతార్ సింగ్ తీర్పే చెప్పింది. ‘శిక్ష పడిందా’ అని అడిగితే ఒక జవాబు, ‘కేసు నమోదైందా’ అని అడిగితే ఇంకో జవాబు. తెలుగులోకి మార్చి చెప్పించుకుని మరీ చదవండి.

ఇక నాలుగో మాట, అమెరికా. అక్కడ నేరచరిత్ర ఉన్నవాళ్లను వద్దనడం దానంతట అదే నేరం కాదు. ఇంతవరకు మెసేజ్ సరే. కానీ 1964 పౌరహక్కుల చట్టం జాతి వివక్షను నిషేధించింది. పైకి అందరికీ ఒకటే అనిపించే నియమమైనా ఒక జాతి మీదే ఎక్కువ పడి, పనితో దానికి సంబంధం లేకపోతే అది కూడా వివక్షేనని 1971లో అక్కడి సుప్రీంకోర్టు గ్రిగ్స్ కేసులో చెప్పింది. 1975లో మిస్సోరీ పసిఫిక్ రైల్వేపై గ్రీన్ అనే నల్లజాతి మనిషి గెలిచాడు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు పడ్డ శిక్ష తప్ప అతని మీద ఏమీ లేదు. నేరం ఎంతటిది, జరిగి ఎన్నాళ్లయింది, ఇచ్చే పని ఎలాంటిది అని మూడు చూడాలన్న లెక్క ఆ కేసులోంచే వచ్చింది. 2012లో ఉద్యోగాల్లో వివక్షను చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ ఇచ్చిన మార్గదర్శకాలకు అదే పునాది. ఆ సంస్థ అన్ని కేసులూ గెలవలేదు. అది తెచ్చిన నిపుణుడి లెక్కలు నమ్మదగ్గవి కావని 2015లో ఫ్రీమన్ కంపెనీ కేసులో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. కానీ ఇలాంటి కేసుల్లోనే అదే ఏడాది బీఎమ్‌డబ్ల్యూ 16 లక్షల డాలర్లు, 2019లో డాలర్ జనరల్ 60 లక్షల డాలర్లు ఇచ్చి రాజీకి వచ్చాయి. ‘అమెరికాలోనూ అంతే’ అన్నవాళ్లు ఇవి చూడలేదు.

దేవా పేజర్ అనే పరిశోధకురాలు మిల్వాకీలో ఒకే తీరు అర్హతలున్న యువకులను ఉద్యోగాలకు పంపి చూసి 2003లో ఫలితాలు ప్రచురించారు. జైలు రికార్డు ఉన్నట్టు చెప్పుకున్న తెల్లవాళ్లకు 17 శాతం చోట్ల తిరిగి పిలుపు వచ్చింది. ఏ రికార్డూ లేని నల్లవాళ్లకు వచ్చింది 14 శాతమే. కేసు అనేది సాకు ఎట్లా అవుతుందో ఈ రెండు అంకెలు చాలు.

మన దగ్గర ఆ సాకు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? బ్రిటిష్ కాలంలో 1871లో మొదలైన నేరస్త తెగల చట్టాల కింద ఎరుకల వంటి కులాలకు పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. 1952లో చట్టం పోయినా ముద్ర పోలేదు. ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని 2024 అక్టోబరులో కూడా సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె ముందు జీపు ఆగుతుందో, వాళ్ల పేర్లే రికార్డులో ఎక్కువ ఉంటాయి. ‘కేసుంటే వద్దు’ అని కంపెనీ ఒక్క మాటలో తేల్చేస్తే ఆ దెబ్బ పడేది వాళ్ల పిల్లల మీదే. సర్కారు యజమాని అయితే రాజ్యాంగంలోని 14, 16 అధికరణల కింద ప్రశ్నించొచ్చు. ప్రైవేటు యజమానిని ఈ విషయంలో నేరుగా కట్టేసే చట్టం ఇక్కడ లేదు, రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పోనీ ప్రైవేటు వాళ్లు చూసేదైనా సరిగ్గా చూస్తున్నారా? హైవే మీది ఒక కంపెనీలో చేరబోతున్న అబ్బాయిని వెరిఫికేషన్‌లో ఆపేశారు. కోర్టు వెబ్‌సైట్‌లో పేరు కొడితే దొమ్మీ కేసు కనిపించిందట. మా దగ్గర ఊరికి నలుగురు సైదులు ఉంటారు, వాళ్లలో ఇద్దరి తండ్రులు లింగయ్యలే. కేసు పక్క ఊరి సైదులుది. ఎఫ్ఐఆర్ కాపీలో వయసు, ఇంటి నంబరు చూపించి ఉత్తరం రాశాక గానీ లోపలికి రానివ్వలేదు. అడగకపోయుంటే ఎందుకు ఆపారో కూడా అతనికి తెలిసేది కాదు. అమెరికాలో ఇలాంటి రిపోర్టు చూసి వద్దనే ముందు దాని కాపీ అభ్యర్థి చేతికి ఇవ్వాలని చట్టమే ఉంది.

తండా పిల్లవాడి ఫారంలో రబ్బరు పెట్టిన గడిలో స్టేషన్ క్రైమ్ నంబరు, సెక్షన్లు, కోర్టు ఇచ్చే సీసీ నంబరు, రాజీ తేదీ రాయించాను. లోక్ అదాలత్ అవార్డు నకలు జత చేయించాను. మీ కేసు కూడా ముగిసి ఉంటే కొలువు వచ్చేదాకా ఆగకండి. కోర్టు నకళ్ల విభాగంలో సర్టిఫైడ్ కాపీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, పాత కట్టలను కొన్నేళ్లకు తీసేస్తారు. వకీలు ఫీజు పెట్టుకోలేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు పోండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా పెడతారు.